ఎండలు బయట... ఆటలు ఇంట!

వేసవి సెలవులు అనగానే అందరూ పెద్దపిల్లల గురించే మాట్లాడతారు. ఈత నేర్పించండి, సంగీతంలో చేర్పించండి, అమ్మమ్మగారి ఊరు పంపించండి అంటూ బోలెడన్ని సలహాలు! మరి ఇంకా బడి గడప తొక్కని బుడతల మాటేమిటి? వాళ్ళకి సెలవులంటూ ఉండవు. వాళ్ళని కనిపెట్టుకుని ఉండే అమ్మలకి అసలే ఉండవు. పొద్దున తొమ్మిదిన్నరకల్లా కిటికీ తలుపులు మూసేసుకుని, సాయంత్రం అయిదున్నర దాకా ఆ నాలుగ్గోడల మధ్యే రెండేళ్ళ పిల్లతో గడపాలంటే మాటలా? అయినా ఆ ఎనిమిది గంటలూ విసుగూ ఏడుపూ లేకుండా, సరదాగా కూడా గడిచిపోయే మార్గాలున్నాయి. పెద్దగా ఖర్చు కూడా లేదు!

మాది విజయవాడ. దీన్ని ‘బ్లేజ్‌వాడ’ అని ఎందుకంటారో మే నెలలో ఒక్కరోజు ఇక్కడుంటే చాలు, తెలిసిపోతుంది. 44, 45 డిగ్రీలు మాకేం వింత కాదు. అందులోనూ మేముండేది మేడమీద వాటా. మధ్యాహ్నానికి గోడలు కూడా సెగలు కక్కుతుంటాయి. పోయిన వేసవికి మా పాపకి రెండేళ్ళ మూడు నెలలు. అత్తయ్యగారేమో మా ఆడపడుచు పురిటికని విశాఖపట్నం వెళ్ళారు. మావారు పొద్దున ఎనిమిదిన్నరకి వెళితే మళ్ళీ రాత్రి ఏడింటికే. పగలంతా ఇంట్లో నేనూ, పాపా... అంతే!

ఇంట్లోనేగా ఉండేది!

ఈ మాట అననివాళ్ళు లేరంటే నమ్మండి. ‘ఇంట్లోనేగా ఉండేది, నీకేం కష్టం’ అని చుట్టాలు. ‘ఇంట్లో ఉంటే దానికేం వస్తుంది? ప్లేస్కూల్లో వేసెయ్యి, వేసవి క్లాసులు కూడా పెడుతున్నారు’ అని తెలిసినవాళ్ళు. రెండు మాటలూ ఒకేసారి వింటుంటే నవ్వొచ్చేది. నేను కష్టపడటమూ లేదు, పిల్లకి ఏమీ రావడమూ లేదు. మరి రోజంతా మేమిద్దరం చేస్తున్నదేమిటట?

మావారు నోరు తెరిచి అనకపోయినా ఆయన అభిప్రాయమూ అదేనని నాకు తెలుసు. మే నెల రెండో ఆదివారం గుడివాడలో మా పిన్ని కూతురి నిశ్చితార్థం. ఎండలో పిల్లని తిప్పడం ఇష్టంలేక ఆయనకి అప్పగించి ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. సాయంత్రం ఆరింటికి తలుపు తీసిన మనిషిని చూడాలి! చొక్కా నిండా పప్పు మరకలు. చంకలో పాప. ‘ఇవాళ ఆఫీసుకి వెళ్ళినా బావుండేది’ అన్నారు. నేనేం మాట్లాడలేదు. మర్నాటి నుంచీ పొద్దున ఆరింటికి పాపని ఆయనే బయట తిప్పుకొస్తున్నారు. ఆ ముప్పావుగంటలో నా వంట సగం అయిపోయేది. ‘ఇంట్లోనేగా’ అనే ఇంటాయన మీకూ ఉంటే వాదించకండి. ఒక్క ఆదివారం పిల్లని అప్పగించి చూడండి!

ఎండని బట్టే మన పనులు

మామూలు రోజుల్లో మనం గడియారం చూసుకుని పనులు చేసుకుంటాం. వేసవిలో మాత్రం ఎండ ఎలా చెబితే అలా నడుచుకోవాలి. పల్లెటూళ్ళో మా అమ్మమ్మ అలాగే చేసేది. తెల్లవారుజామున బయటి పనులు, పొద్దెక్కాక ఇంటి పనులు, మధ్యాహ్నం కునుకు, పొద్దువాలాక మళ్ళీ వాకిట్లోకి. పసిపిల్లల ఒంటికి సరిగ్గా సరిపోయే పద్ధతి ఇది.

రెండేళ్ళ పిల్లలు రోజు మొత్తమ్మీద కనీసం 3 గంటలసేపైనా ఒళ్ళు కదిలేలా ఆడుకోవాలనీ, పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు నిద్రపోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మే నెలలో మూడు గంటల ఆట ఎక్కణ్ణుంచి వస్తుంది అంటారా? మేం దాన్ని ముక్కలు చేసుకున్నాం. పొద్దున ఆరు నుంచి ముప్పావుగంట నాన్నతో షికారు. తొమ్మిది తర్వాత ఇంట్లోనే పరుగులు. సాయంత్రం ఆరు దాటాక డాబా మీద గంటన్నర. మధ్యమధ్య దిండ్ల మీద నుంచి దూకడం, మంచం కింద దాగుడుమూతలు. మూడు గంటలు ఇట్టే అయిపోయేవి!

పొద్దున ఎండ ఎక్కకముందే కిటికీలన్నీ బార్లా తెరిచి చల్లగాలి రానిచ్చేదాన్ని. తొమ్మిదిన్నరకి పడమటి, దక్షిణపు కిటికీలు మూసేసి పాత దుప్పట్లు తడిపి కట్టేదాన్ని. కూలరున్న గదిలో మాత్రం ఓ కిటికీ కాస్త తెరిచే ఉంచాలండోయ్. అన్నీ బిగించేస్తే తేమ గదిలోనే ఉండిపోయి ఉక్కపోత ఇంకా ఎక్కువవుతుంది.

ఆటవస్తువులు వంటింట్లోనే

పిల్లలకి మనం కొనిచ్చే బొమ్మలకన్నా మన చేతిలో ఉన్న వస్తువు మీదే ధ్యాస. మా పాప పుట్టినరోజుకి వచ్చిన బ్యాటరీ కారు మూడోరోజుకే మూలపడింది. ఏటికొప్పాక లక్కపిడతలు మాత్రం ఇప్పటికీ దాని ఒళ్ళోనే ఉంటాయి. అంకుడు చెక్కతో చేసి, చెట్లూ గింజల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క పూస్తారు వాటికి. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అవి పాపకి ఎందుకంత ఇష్టమంటే, నేను పొయ్యి మీద పప్పు పెడితే అదీ దాని పొయ్యి మీద పప్పు పెట్టొచ్చు!

నాకు అక్కడే కిటుకు దొరికింది. పిల్ల ఆడుకుంటుంటే పని చేసుకుందాం అని చూస్తే ఆటా సాగదు, పనీ సాగదు. పనిలోకే పిల్లని రానిస్తే రెండూ సాగుతాయి. కాస్త ఆలస్యమవుతుంది, నిజమే. ఎనిమిది గంటలు ఎలా గడపాలా అని చూస్తున్న మనకి ఆలస్యం ఓ కష్టమా చెప్పండి!

గోంగూర కట్ట ముందేసుకుని కూర్చుంటే ఆకులు తుంచి గిన్నెలో వెయ్యడం పాప పని. మొదట కాడలతో సహా వేసేది. వారం తిరిగేసరికి ఆకు వేరు, కాడ వేరు అని తెలిసిపోయింది. బట్టలు ఆరేసేటప్పుడు క్లిప్పులు ఒక్కొక్కటీ అందించేది. ‘ఒకటి... రెండు... అయిదు!’ అంటూ. మడతలప్పుడు చేతిరుమాళ్ళన్నీ దానివే. నాన్న మేజోళ్ళకి జత వెతకడం దానికి పెద్ద పరీక్ష. మల్లెపూలు తెచ్చిన సాయంత్రం మొగ్గలొక పక్క, మరువం ఒక పక్క పెట్టేది. ఏ పనైనా పావుగంటే. ఆ తర్వాత మనసు మళ్ళిపోతుంది. బలవంతపెట్టకుండా వదిలెయ్యాలి.

అన్నిటికన్నా సరదా వడియాల రోజు. రాత్రి నానబోసిన సగ్గుబియ్యం తెల్లవారుజామున ఉడికించి చల్లార్చాను. పచ్చిమిర్చి ముద్ద కలపకముందే ఓ గిన్నెడు జావ తీసి పాపకి విడిగా ఇచ్చాను. డాబా మీద ప్లాస్టిక్ కాగితం పరిచి నేను నా వరసలో, పాప దాని వరసలో పెట్టుకుంటూ పోయాం. దాని వడియం ఒకటి రూపాయి బిళ్ళంత, ఇంకోటి పళ్ళెమంత! ఏడున్నరకల్లా కిందికి దిగిపోయాం. రెండెండలకి ఎండాయి. వేయించి పెడితే వాళ్ళ నాన్నకి తన పళ్ళెం వడియం తనే తీసుకెళ్ళి ఇచ్చింది.

ఆవకాయ రోజున మాత్రం వంటింట్లోకి రానివ్వలేదు. ఆ కారం, ఆవపిండి కంట్లో పడితే ఇంకేమైనా ఉందా! పక్కవాటా పిన్నిగారు ఆ పూట పాపని తన దగ్గర కూర్చోబెట్టుకున్నారు. బదులుగా ఆవిడ ఆవకాయ రోజున వాళ్ళ మనవడు మా ఇంట్లో. ఇలా పనులు పంచుకోవడానికి పక్కన ఒక్క మనిషి ఉంటే వేసవి సగం తేలికైపోతుంది.

నీళ్ళుంటే చాలు

రెండేళ్ళ పిల్లలకి నీళ్ళకి మించిన ఆట లేదు. ఒకటే చిక్కు. మధ్యాహ్నం కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకులోంచి సలసల కాగే నీళ్ళొస్తాయి. అందుకే పొద్దునే రెండు బకెట్లు పట్టి నీడలో, పాప తలుపు తీసుకోలేని చోట మూతపెట్టి ఉంచేదాన్ని. పదకొండింటికి వెడల్పాటి టబ్బులో మూడంగుళాల నీళ్ళు పోసి, గ్లాసులూ, గరిటా, టీ వడకట్టుకునే జాలీ ఇస్తే చాలు. పోయడం, ఒంపడం, మళ్ళీ పోయడం. జాలీలోంచి నీళ్ళు కారిపోతుంటే ‘ఏవమ్మా? పోయాయి!’ అని పకపకా నవ్వేది.

ఓ రోజు కూరల బుట్ట ముందు పెట్టుకుని తేలేవేవో, మునిగేవేవో చూశాం. వంకాయ తేలింది. బంగాళాదుంప బుడుంగున మునిగింది. నిమ్మకాయ తేలింది. స్టీలు చెంచా మునిగింది. ఆ తర్వాత వారంరోజులపాటు ఇంట్లో ఏ వస్తువు కనబడినా ‘మునుగుతుందా?’ అనే ప్రశ్నే. చివరికి నాన్న చెప్పు కూడా పరీక్షకి నిలబడింది.

ఇంకో ఆట చెబుతాను. పాత రంగుల బ్రష్షు, చెంబుడు నీళ్ళు ఇచ్చి గోడ మీద బొమ్మలు వెయ్యమనండి. గోడ పాడవదు. వేసిన బొమ్మ చూస్తుండగానే ఆరిపోతుంది. మళ్ళీ వెయ్యొచ్చు! ఫ్రిజ్‌లో గిన్నెడు నీళ్ళల్లో గులాబీ రేకులు వేసి గడ్డకట్టించి పళ్ళెంలో పెట్టిస్తే అది కరిగేదాకా అరగంట కదలరు. చిన్నచిన్న ఐసుముక్కలు మాత్రం వద్దు, నోట్లో వేసుకుంటే గొంతుకి అడ్డంపడే ప్రమాదముంది. ఆట అయ్యాక ఆ నీళ్ళు పారబొయ్యకండి. కుండీలకి సగం, ఇల్లు తుడవడానికి సగం.

ఏం పెట్టాలి? ఏం తాగించాలి?

పసిపిల్లలు దాహమని సరిగ్గా చెప్పలేరు. ఆటలో పడితే అసలే అడగరు. అందుకని గంటకోసారి మనమే గుర్తుపెట్టుకుని ఇవ్వాలి. ఒకేసారి గ్లాసెడు తాగరు. నాలుగు గుక్కలు, మళ్ళీ కాసేపటికి నాలుగు గుక్కలు. మా పాపకి లక్కపిడతల గ్లాసులో పోసి బొమ్మకి ఓ గుక్క, తనకి ఓ గుక్క అంటే గొడవుండేది కాదు. పలచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు, చల్లార్చిన రాగిజావ, కొబ్బరినీళ్ళు... వీటికి మించిన కూల్‌డ్రింకులు లేవు. పొద్దున అన్నం సరిగ్గా తినకపోయినా మధ్యాహ్నం చల్లటి పెరుగన్నం తినేసేది. ఎండల్లో ఆకలి కాస్త తగ్గడం మామూలే, కుక్కి కుక్కి పెట్టకండి.

ఇక తాటిముంజలూ, పుచ్చకాయ, మామిడిపండ్లూ! ముంజలు పై పొట్టు తీసి చిన్న ముక్కలు చెయ్యాలి. గుండ్రంగా అలాగే ఇస్తే జారి గొంతులోకి పోవచ్చు. పుచ్చకాయకి గింజలు తీసెయ్యాలి. మామిడికాయలు పచ్చివే తెచ్చి ఇంట్లో గడ్డిలో మగ్గబెట్టుకున్నాం. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధమే అయినా బజార్లో దేన్ని నమ్మగలం? రోజూ పొద్దునే పాప వెళ్ళి ఒక్కో కాయా వాసన చూసి ‘పండిందా?’ అని అడిగేది. నూజివీడు రసం పండిన రోజు చొక్కా విప్పేసి స్నానాలగదిలో కూర్చోబెట్టి చేతికిచ్చేదాన్ని. మోచేతులదాకా కారనిచ్చి, టెంక చీకనిచ్చి, అటునుంచి అటే స్నానం!

విరేచనాలో వాంతులో పట్టుకుంటే మాత్రం ఓఆర్‌ఎస్ ఇవ్వాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళల్లో కలపమంటే అన్ని నీళ్ళల్లోనే కలపాలి. కాచి చల్లార్చిన నీళ్ళయితే మంచిది. ఒకరోజు దాటితే పారబొయ్యాలి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అట్టడబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాలు మీకు గుర్తుండే ఉంటాయి. అసలు పాళ్ళల్లో లేనివాటికి ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. కొనేటప్పుడు పేరు చూసి సరిపెట్టుకోకుండా, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైందో లేదో చదివి తీసుకోండి.

మరి ఫోన్ సంగతి?

మూడింటికి కరెంటు పోయి, చెమట కారుతుంటే, పిల్ల ఏడుస్తుంటే ఫోన్ చేతిలో పెట్టెయ్యాలనిపించడం ఏ తల్లికైనా సహజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల్లోనే ఏడాది పిల్లలకి టీవీ, ఫోన్ అసలు వద్దనీ, రెండేళ్ళు నిండినవాళ్ళకి రోజుకి గంటకి మించకూడదనీ, ఇంకా తక్కువైతే ఇంకా మంచిదనీ ఉంది. మేం దానికి ఓ హద్దు పెట్టుకున్నాం. సాయంత్రం అయిదింటికి పాలు తాగాక, నా పక్కనే కూర్చుని, ఇరవై నిమిషాలు. అన్నం తినేటప్పుడు వద్దు, ఏడుపు మాన్పించడానికి అసలే వద్దు. ఏడిస్తే ఫోన్ వస్తుందని ఒక్కసారి తెలిసిపోతే ఇక రోజూ ఏడుపే కదా!

కరెంటు పోయినప్పుడు విసనకర్ర తీసేదాన్ని. తడిపిన తువ్వాలు ఒంటికి చుట్టుకుని, ఒకరికొకరం విసురుకుంటూ కథ చెప్పుకోవడం. పాప విసిరిన గాలి నాదాకా ఎప్పుడూ రాలేదు. ‘అబ్బ, ఎంత చల్లగా ఉందో!’ అంటే ఇంకా గట్టిగా విసిరేది.

మధ్యాహ్నం గంటన్నర... అది మీది!

ఒంటిగంటన్నరకి పాప నిద్రపోతే మూడు దాకా లేవదు. ఆ గంటన్నరలో ఏం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న. మిగిలిన అంట్లు, ఇస్త్రీ, దులుపుళ్ళు... పని వెతుక్కుంటే ఎంతైనా ఉంటుంది. నేనుమాత్రం ఆ పక్కనే చాప వేసుకుని వాలిపోయేదాన్ని. కునుకు పడితే సరే, లేకపోతే ఓ పత్రిక. అంట్లు ఎక్కడికీ పోవు. మూడింటి తర్వాత పాపతో కలిసి కడుక్కోవచ్చు. అదీ నీళ్ళాటే! ‘పగలు పడుకుంటున్నావా?’ అని ఎవరన్నా అంటే అననివ్వండి. నాలుగింటికి మన గొంతులో విసుగు లేకుండా ఉండాలంటే ఆ కునుకు ఉండాలి. మన చిరాకు పిల్లలకి ఇట్టే అంటుకుంటుంది. మన ఓపికా అంతే.

ఇవి మరిచిపోవద్దు

* బకెట్లో జానెడు నీళ్ళున్నా పసిపిల్లలకి ప్రమాదమే. నీళ్ళాట ఆడేటప్పుడు చెయ్యందేంత దూరంలో మీరుండాలి. ఫోన్ మోగినా, తలుపు కొట్టినా పిల్లని ఎత్తుకునే లేవండి. ఆట అవగానే టబ్బు బోర్లించండి.

* ఆరు గంటలైనా మూత్రం పోయకపోవడం, పెదవులు ఎండడం, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోవడం, కళ్ళు లోపలికి పోవడం, మగతగా ఉండటం... వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

* ఎండదెబ్బకి ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పుతున్నట్టుంటే వెంటనే నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిని తడిపి గాలి తగిలేలా విసురుతూ ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మగతలో ఉన్నప్పుడు నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. ఇది మామూలు జ్వరం కాదు. జ్వరం మందుతో తగ్గదు.

* నిలిపి ఉంచిన కారులో రెండు నిమిషాలకే కదా అని పిల్లల్ని వదలకండి.

* చెమటకాయలకి చల్లటి స్నానం, వదులైన నూలు బట్టలు చాలు. మొహం దగ్గర పౌడరు దులపకండి, ఊపిరితో లోపలికి పోతుంది.

* ఆరునెలలు నిండని చంటిపిల్లలకి ఎంత ఎండైనా తల్లిపాలే. విడిగా నీళ్ళు అక్కర్లేదు. కాస్త ఎక్కువసార్లు పట్టాలి, అంతే.

పొద్దువాలాక...

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలూ వచ్చాయి, పోయాయి. రోజూ ఆరున్నరకి డాబా మీద రెండు బకెట్లు చల్లితే సెగ తగ్గేది. కాసేపాగి చాప వేసుకుంటే పిన్నిగారి మనవడూ, కింది వాటా పిల్లలూ చేరేవాళ్ళు. జూన్ మొదటివారంలో అత్తయ్యగారు తిరిగొచ్చారు. మర్నాడే ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది మా పాప. ‘నాన్నమ్మా, వంకాయ తేలుతుంది. దుంప బుడుంగు!’ అని చూపించింది. గోంగూర ఆకు తుంచి చూపించింది. ‘ఇవన్నీ ఎక్కడ నేర్చుకుందే?’ అని ఆశ్చర్యపోయారావిడ. ‘ఇంట్లోనే అత్తయ్యా!’ అన్నాను.

వచ్చే వేసవికల్లా పాప బడికి వెళ్తుంటుంది. అప్పుడు దానికీ సెలవులొస్తాయి. సెలవులు లేని వేసవి మాకు ఇదొక్కటే. మీ ఇంట్లోనూ ఇలాంటి బుడత ఉంటే, రేపు పదకొండింటికి ఓ వంకాయా, ఓ బంగాళాదుంపా నీళ్ళల్లో వేసి చూపించండి. ఆ తర్వాతేం చెయ్యాలో మీకు వాళ్ళే చెబుతారు!